పటంలో ఉన్న మనిషి, పెట్టెలో దాచిన కాగితం

1

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం పడమటి కొండల్లో స్టాక్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి గ్రంథాలయంలో ఒక ముసలాయన తైలవర్ణ చిత్రం ఉంది. నల్లజాతి మనిషి. నెరిసిన జుట్టు, ముదురు రంగు కోటు, మెడ దగ్గర తెల్లటి గుడ్డ, చేతిలో కర్ర. చూపు తిన్నగా ఎదుటి మనిషి మీదే ఉంటుంది. ఆయన పేరు అగ్రిపా హల్. 1759లో పుట్టి 1848లో చనిపోయారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆరేళ్ళ రెండు నెలలు పనిచేసిన సిపాయి.

ఎక్కడో స్టాక్‌బ్రిడ్జ్‌లో ఉన్న పటం గురించి మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. 1873లో జోతిరావు ఫూలే తన 'గులాంగిరీ'ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చారు. 1972లో బొంబాయి దళిత యువకులు తమ సంస్థకి పేరు పెట్టుకోవలసి వచ్చినప్పుడు బ్లాక్ పాంథర్స్ వైపు చూశారు. నల్లవాళ్ళ చరిత్రని పక్కన పెట్టుకుని మన చరిత్రని చదువుకోవడం మనకి కొత్త కాదు. అయితే ఆ చదువు ఎక్కువగా కవిత్వం, ఆత్మకథలు, ఉద్యమ పత్రాల దగ్గరే ఆగింది. బొమ్మల దాకా రాలేదు. బొమ్మ అంటే కళాప్రియుల వ్యవహారం, మనది కాదు అనుకున్నాం. కానీ ఎవరి ముఖం గోడకెక్కుతుంది, ఎలా ఎక్కుతుంది, ఎవరి చేతుల మీదుగా ఎక్కుతుంది అన్నది పూర్తిగా అధికారానికి సంబంధించిన ప్రశ్న. కులం ఉన్న దేశంలో ఈ సంగతి విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముసలి సైనికుడికి పటం గీయించి పెట్టడం గౌరవమే. కానీ అది ఇచ్చేవాళ్ళు తమకు నచ్చిన రూపంలో ఇచ్చే గౌరవం. పుచ్చుకునే మనిషి తన హక్కుగా దాచుకున్న గౌరవం ఇంకొకటి ఉంటుంది. అది చాలాసార్లు కాగితం రూపంలో ఉంటుంది. మొదటిది గోడ మీద కనబడుతుంది, రెండోది పెట్టెలో ఉంటుంది. విమర్శకులు మొదటిదాన్ని చూసి మురిసిపోతే సరిపోదు, రెండోదాన్ని కూడా బయటికి తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టాలి.

2

హల్ బానిసగా పుట్టలేదు. నార్తాంప్టన్‌లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతి తల్లిదండ్రులకి పుట్టారు. చిన్నతనంలోనే స్టాక్‌బ్రిడ్జ్ చేరారు. 1777 మే నెలలో, పద్దెనిమిదేళ్ళ వయసులో సైన్యంలో చేరారు.

ఆ తేదీకి ముందు జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. 1775 నవంబరులో జార్జ్ వాషింగ్టన్ నల్లవాళ్ళని సైన్యంలో చేర్చుకోవద్దని ఉత్తర్వు ఇచ్చారు. అదే నెలలో వర్జీనియా బ్రిటిష్ గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తన వైపు వచ్చి ఆయుధం పడితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించారు. అంతే, ఏడాది ముగిసేలోపే వాషింగ్టన్ మాట మారింది. అప్పటికే పనిచేసి ఉన్న స్వేచ్ఛా నల్లవాళ్ళు మళ్ళీ చేరొచ్చు అన్నారు. యుద్ధం ముదిరి మనుషులు చాలకపోయేసరికి ఆ గేటు ఇంకా కొంచెం తెరుచుకుంది. మొత్తం మీద అయిదు వేల మంది దాకా నల్లవాళ్ళు అమెరికా వైపు పోరాడారని చరిత్రకారుల అంచనా. ప్రాణాలివ్వడానికి అంటు అడ్డం రాదు, అవసరం తీరాక వస్తుంది. ఈ సూత్రం మనకి బాగా తెలుసు.

హల్ మొదటి రెండేళ్ళు జనరల్ జాన్ పాటర్సన్ దగ్గర పనిచేశారు. ఆ తర్వాత నాలుగేళ్ళకి పైగా, పోలెండు నుంచి వచ్చి అమెరికా తరఫున పోరాడిన ఇంజనీరు తదేవుష్ కోస్చుష్కో దగ్గర ఆర్డర్లీగా ఉన్నారు. వెస్ట్‌పాయింట్ కోట పనులు చూశారు, దక్షిణాది యుద్ధరంగానికి వెళ్ళారు. 1781లో దక్షిణ కరోలినాలో యూటా స్ప్రింగ్స్ పోరు జరిగినప్పుడు వైద్యులకి సాయంగా నిలబడ్డారు. మత్తుమందు లేని రోజుల్లో కాళ్ళూ చేతులూ కోస్తుంటే మనుషుల్ని పట్టుకుని ఉండటమే ఆ సాయం. ముసలితనంలో కూడా ఆ దృశ్యాలు తల్చుకుంటే ఆయనకి వణుకు పుట్టేదట. 1783లో వెస్ట్‌పాయింట్‌లో సెలవు పుచ్చుకున్నారు. ఆ డిశ్చార్జి కాగితం మీద జార్జ్ వాషింగ్టన్ స్వయంగా చేసిన సంతకం ఉంది.

ఊరికి తిరిగొచ్చాక థియోడర్ సెడ్జ్‌విక్ అనే లాయరు ఇంట్లో కొంతకాలం పనిచేశారు. కొద్దికొద్దిగా భూమి సంపాదించుకున్నారు. యజమాని దగ్గర్నుంచి తప్పించుకుని వచ్చిన జేన్ డార్బీని పెళ్ళి చేసుకున్నారు. తప్పించుకొచ్చిన ఇంకొక స్త్రీ కూతుర్ని పెంచుకున్నారు. ఊళ్ళో పెళ్ళిళ్ళకి, విందులకి వంటా వడ్డనా చూసే మనిషిగా పేరు తెచ్చుకున్నారు.

1844లో, ఆయనకి ఎనభై అయిదేళ్ళ వయసులో, ఆన్సన్ క్లార్క్ అనే ఆయన డాగెరోటైపు తీశారు. అంటే వెండి పూత పూసిన రాగిరేకు మీద తీసే తొలినాటి ఫొటో. గ్రంథాలయంలో ఉన్న తైలవర్ణ చిత్రం ఆ ఫొటో చూసి గీసినది, 1848 ప్రాంతానిది. గీసినవాళ్ళ పేరు నమోదు కాలేదు. మామూలుగా పాత పటాల్లో చిత్రకారుడి పేరుండి, కూర్చున్న నల్లమనిషి పేరు ఉండదు. ఇక్కడ తిరగబడింది. ముఖానికి పేరుంది, కుంచెకి లేదు.

పటంలో ఏముందో చూశాం. ఏం లేదో కూడా చూడాలి. సైనిక దుస్తులు లేవు, తుపాకీ లేదు, జెండా లేదు. ఈయన యుద్ధం చేసిన మనిషి అని పటం తనంతట తాను చెప్పదు. తెలిసినవాళ్ళు పక్కనుండి చెప్పాలి. కోటు వేసుకుని కర్ర పట్టుకున్న ఒక గృహస్థుడు కనబడతాడు. దీన్ని లోపంగా చూడొచ్చు: సైనికుణ్ణి గీసి సైన్యాన్ని తీసేశారు అని. నేనలా చూడను. నల్లమనిషి యూనిఫాంలో ఉంటేనే గౌరవించదగ్గవాడు అనే షరతుని ఈ పటం పెట్టలేదు. భూమి ఉన్నవాడిగా, కుటుంబం ఉన్నవాడిగా, ఒక ఊరి పౌరుడిగా ఆయన్ని కూర్చోబెట్టింది. ఆ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే ఇంకొక బొమ్మ పక్కన పెట్టి చూడాలి.

3

థామస్ వాటర్‌మన్ వుడ్ అనే తెల్లజాతి చిత్రకారుడు 1865-66లో మూడు బొమ్మల వరస ఒకటి గీశారు. వాటిని కలిపి 'యుద్ధ చరిత్రలో ఒక తునక' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. మొదటి బొమ్మలో, అంతర్యుద్ధ కాలంలో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన మనిషి సైనికాధికారి ఆఫీసు గుమ్మంలో నిలబడతాడు. చిరుగుల బట్టలు, చేతిలో సంచి, ముఖాన నవ్వు. రెండో బొమ్మలో అదే మనిషి నీలం యూనిఫాం వేసుకుని భుజాన తుపాకీ పెట్టుకుంటాడు. మూడో బొమ్మ పేరు 'వెటరన్'. ఒక కాలు పోయి, చంకకర్రల మీద అదే ఆఫీసుకి తిరిగొచ్చి సెల్యూట్ కొడతాడు.

ఈ వరసని అప్పట్లో చాలామంది మెచ్చుకున్నారు. మెచ్చుకోదగిన సంగతీ ఉంది. నల్లవాళ్ళని విదూషకులుగా గీయడం మామూలైన కాలంలో, ఒక నల్ల సైనికుడి త్యాగాన్ని నవ్వులాటగా కాకుండా గీశారు. లూయీవిల్‌లో ఒక కాలు పోయిన నల్ల సైనికుణ్ణి చూసి చలించి గీశారని చెబుతారు. ఆ జాలి నిజమైనదే కావచ్చు.

కానీ జాలికి ఒక వెల ఉంది. ఆ మనిషికి పేరు లేదు. పారిపోయినవాడు, చేరినవాడు, కుంటివాడు అయినవాడు. మూడు దశలు, మూడు వేషాలు, లోపల మనిషి ఎవరో చెప్పరు. అతను ఒక 'రకం'. అతని జీవితం మొత్తం ఒక ప్రభుత్వ ఆఫీసు గదిలోనే జరుగుతుంది. ఇల్లు లేదు, పెళ్ళాం పిల్లలు లేరు, పొలం లేదు. చివరికి చేయి ఎత్తి సెల్యూట్ కొడుతున్నాడు. ఎవరికి? బొమ్మ బయట నిలబడి చూస్తున్నవాళ్ళకి. అంటే ఆ రోజుల్లో ప్రదర్శనకి వచ్చిన తెల్ల ప్రేక్షకులకి. కాలు పోగొట్టుకున్నవాడే నమస్కారం పెట్టాలి, చూసేవాడు అందుకోవాలి. నిజానికి ఎవరు ఎవరికి పెట్టాలి?

ఆ అంతర్యుద్ధంలో దాదాపు 1,80,000 మంది నల్లవాళ్ళు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు. తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు. నల్ల సిపాయికి 10 డాలర్లు, అందులోంచి బట్టలకని 3 డాలర్లు కోత. అంటే చేతికి వచ్చేది 7. కొన్ని నల్ల పటాలాలు ఆ తక్కువ జీతం ముట్టుకోమని నెలల తరబడి తిరస్కరించాయి. 1864 జూన్‌లో గానీ సమాన జీతం చట్టం రాలేదు. సెల్యూట్ కొట్టే సిపాయిని గీశారు గానీ, జీతం వద్దని తిరగ్గొట్టిన సిపాయి ఆ బొమ్మల్లో లేడు. త్యాగం చేసే అణగారినవాడు అందరికీ ముద్దొస్తాడు. లెక్క అడిగేవాడే ఎవరికీ నచ్చడు.

ఇప్పుడు మళ్ళీ హల్ పటం దగ్గరికి రండి. ఆయన సెల్యూట్ కొట్టడం లేదు. చేయి కర్ర మీద ఉంది. చూపు చూపుకి ఎదురుగా ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డాగెరోటైపుకి కదలకుండా చాలా క్షణాల సేపు కూర్చోవాలి. ఆ రోజుల్లో ఎవరి ఫొటో చూసినా ముఖం బిగుసుకునే ఉంటుంది. కాబట్టి హల్ ముఖంలోని గాంభీర్యం అంతా ఆయన వ్యక్తిత్వమే అని చెప్పడం అతి అవుతుంది. కానీ మూలంలో ఆయన స్వయంగా వెళ్ళి కెమెరా ముందు కూర్చున్నారన్నది మాత్రం నిజం. చిత్రకారుడు ఊహించుకున్న రకం కాదు, కూర్చున్న మనిషి. ఆ తేడా రంగులేసినా పోలేదు.

4

ఊరు ఆయన్ని ఎలా గుర్తుపెట్టుకుంది? పటం ఒక జవాబు. కథలు ఇంకో జవాబు. ఈ రెండూ కలవవు.

స్టాక్‌బ్రిడ్జ్ గురించి 1854లో ఎలెక్టా జోన్స్ రాసిన చరిత్రలో హల్ గురించిన కథలున్నాయి. అవన్నీ హాస్య కథలు. మాటకి మాట తిప్పికొట్టే చమత్కారి, పెళ్ళిళ్ళలో నవ్వించే పెద్దమనిషి. ఊరివాళ్ళు 'గ్రిప్పీ' అని పిలిచేవారు. 'గ్రిప్పీ' అంటే ఏంటి? పిల్లాడికి పెట్టే ముద్దుపేరు. వాషింగ్టన్ సంతకం ఉన్న సిపాయి, భూమి ఉన్న రైతు, ఎనభై ఏళ్ళ పెద్దాయన, ఊరికి మాత్రం గ్రిప్పీ. మన పల్లెల్లో తాత వయసున్న మనిషిని దొర కొడుకు 'ఒరే ఎల్లిగా' అని పిలవడం విన్నవాళ్ళకి ఈ ముద్దు ఎంత చేదో వివరించక్కర్లేదు. ప్రేమగానే పిలిచారు అంటారు. ప్రేమగానే పిలిచి ఉండొచ్చు. పెద్దాయన కూడా వాళ్ళని అంత ప్రేమగానూ, అదే చనువుతోనూ పిలవగలిగేవారా అన్నదే అసలు పరీక్ష.

మన తెలుగులో ఈ రోగం క్రియాపదంలోనే ఉంటుంది. ఈ వ్యాసం మొదటి ప్రతి రాసినప్పుడు నేను కోస్చుష్కో 'వచ్చారు' అనీ, హల్ 'వచ్చాడు' అనీ రాసుకుంటూ పోయాను. తిరిగి చదువుకున్నప్పుడు సిగ్గేసింది. ఇద్దరికీ 'రు' పెట్టి దిద్దాను. అయినా పై భాగంలో వుడ్ గీసిన సిపాయికి 'కొడతాడు' అనే మిగిలిపోయింది. పేరు లేని మనిషికి 'రు' నోటికి రాలేదు. బొమ్మ చేసిన పనిని నా భాష కూడా చేసింది. దాన్ని అలాగే ఉంచుతున్నాను, పాఠకులు కూడా గమనించాలని.

ఆ కథల్లో అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది బట్టల కథ. కోస్చుష్కో ఏదో పని మీద బయటికి వెళ్ళారు. హల్ ఆయన యూనిఫాం తొడుక్కుని, శిబిరంలోని తోటి నల్ల సేవకుల్ని పిలిచి విందు చేశారు. అనుకోకుండా జనరల్ తిరిగొచ్చారు. కోప్పడలేదట. హల్ చేయి పట్టుకుని, ఈయన ఆఫ్రికా రాకుమారుడు అని అందరి ముందూ తిప్పి, కూర్చోబెట్టి మర్యాదలు చేయించారట. అందరూ నవ్వారట.

తెల్ల చరిత్రకారులకి ఇది జనరల్ గారి మంచితనానికి నిదర్శనం. కోస్చుష్కో మంచివారే, ఆ మాట తర్వాత చెబుతాను. కానీ కథ లోపల ఏం జరిగిందో చూడండి. సేవకుడిగా ఉన్న మనిషి, యజమాని లేని గంటసేపు, తనవాళ్ళ మధ్య, ఆ బట్టల్లో తను ఎలా ఉంటాడో చూసుకున్నారు. మన దగ్గర తలపాగా చుట్టుకున్నందుకు, చెప్పులేసుకుని వీధిలో నడిచినందుకు, గుర్రమెక్కి ఊరేగినందుకు దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. హల్‌కి దెబ్బలు పడలేదు, నవ్వు పడింది. నవ్వు దెబ్బ కంటే నయమే. అయినా రెండూ చెప్పేది ఒకటే: ఈ బట్టలు నీవి కావు. పైగా తన వంశం ఆఫ్రికా రాకుమారులదని హల్ చెప్పుకునేవారని ఊళ్ళో వాడుక. ఆయన గంభీరంగా చెప్పుకున్న మాటే అక్కడ వేళాకోళమైంది.

చమత్కారం కూడా ఊరికే పుట్టలేదు. ఒకసారి యజమానితో కలిసి ఒక మిశ్రమజాతి బోధకుడి ఉపన్యాసం విన్నారట. నల్లవాడి ఉపన్యాసం ఎలా ఉంది అని యజమాని ఎత్తిపొడిచారు. ఆయన సగం మావాడు, సగం మీవాడు, నాకు నా సగం నచ్చింది, మీ సగం మీకు నచ్చిందా అని హల్ తిరిగి అడిగారట. దీన్ని హాస్యం కింద జమ వేసుకుని ఊరు నవ్వేసింది. నిజానికి అది వాదం. తిన్నగా వాదిస్తే వినరని నవ్వులో చుట్టి ఇచ్చారు. పటంలో ఆ నవ్వు లేదు. నవ్వు లేకుండా చూస్తే అదే ప్రశ్న ఆ కళ్ళల్లో ఉంది. అందుకే పటం కథల కంటే మేలైన సాక్షి అని నా వాదన.

హల్ పనిచేసిన సెడ్జ్‌విక్ ఇంట్లోనే ఎలిజబెత్ ఫ్రీమన్ కూడా పనిచేశారు. 1781లో కోర్టుకెక్కి తన స్వేచ్ఛ గెలుచుకున్న స్త్రీ. మసాచుసెట్స్‌లో బానిసత్వం కూలడానికి ఆ తీర్పు దారి వేసింది. ఆవిడకి కూడా చిన్న పటం ఒకటుంది. 1811లో సూజన్ సెడ్జ్‌విక్, అంటే ఆ ఇంటి కోడలే, దంతపు రేకు మీద గీశారు. ఫ్రీమన్ ముఖం మన దాకా వచ్చింది, సంతోషమే. కానీ హల్‌కి, ఫ్రీమన్‌కి ఉన్న తేడా మరిచిపోకూడదు. ఆవిడ ముఖం యజమానుల ఇంటి ప్రేమలోంచి వచ్చింది. ఆయన ముఖం ఒక ఫొటో తీసేవాడి ముందు కూర్చోవడంలోంచి వచ్చింది.

5

ఇక కాగితం సంగతి.

1828లో స్వాతంత్ర్య యుద్ధ సైనికులకి పింఛను ఇవ్వాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. పింఛను కావాలంటే సైన్యంలో పనిచేసినట్టు రుజువు చూపించాలి. హల్ దగ్గర రుజువు ఉంది, డిశ్చార్జి కాగితం. దాన్ని రాజధానికి పంపాలి. ఆయన పంపడానికి ఒప్పుకోలేదు. పంపితే తిరిగి వస్తుందో రాదో అని భయం. ఆయన తరఫున చార్లెస్ సెడ్జ్‌విక్ అధికారి రిచర్డ్ రష్‌కి ఉత్తరం రాశారు. అందులోని సారాంశం: వాషింగ్టన్ సంతకం ఉన్న ఆ కాగితం పోగొట్టుకోవడం కంటే పింఛను వదులుకోవడమే ఆయనకి ఇష్టం.

ఈ సంగతిని దేశభక్తి కింద చెప్పుకునే అలవాటుంది. వాషింగ్టన్ మీద ఎంత అభిమానమో చూడండి అని. నాకది అభిమానంలా కనబడదు. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డ నల్లమనిషి, సగం దేశంలో తనలాంటివాళ్ళు ఇంకా సంతలో అమ్ముడుపోతున్న రోజుల్లో, తన దగ్గరున్న ఒకే ఒక్క ప్రభుత్వ పత్రాన్ని చేయి దాటనివ్వలేదు. తప్పించుకొచ్చిన భార్యతో కాపురం చేసినవారికి కాగితం విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. నోటి మాటకి విలువ లేని జాతి మనిషికి కాగితమే నోరు. ఆ పత్రంలో 'గ్రిప్పీ' లేడు, చమత్కారి లేడు, సెల్యూట్ లేదు. ఆరేళ్ళ రెండు నెలల సేవ ఉంది, పూర్తి పేరు ఉంది. ఆయన తన కోసం దాచుకున్న స్వీయచిత్రం అదే.

అదే 1828లో వెస్ట్‌పాయింట్‌లో కోస్చుష్కో స్మారక స్తంభం లేచింది. 1910లో వైట్‌హౌస్ ఎదుటి లఫయెట్ పార్కులో ఆయన విగ్రహం పెట్టారు. ఆయన దానికి అర్హులు కారని కాదు. 1798లో ఆయన ఒక వీలునామా రాశారు. అమెరికాలో తనకి రావలసిన డబ్బుతో బానిసల్ని కొని విడిపించి, చదువు చెప్పించి, భూమి ఇప్పించమని థామస్ జెఫర్సన్‌కి అప్పజెప్పారు. 1817లో కోస్చుష్కో చనిపోయాక జెఫర్సన్ ఆ బాధ్యత నెత్తిన వేసుకోనన్నారు. చివరికి 1852లో సుప్రీంకోర్టు ఆ వీలునామా చెల్లదంది. ఒక్క బానిస కూడా ఆ డబ్బుతో విడుదల కాలేదు.

జనరల్ గారి కాగితం కోర్టుల్లో నలిగిపోయింది, ఆయనకి విగ్రహం దక్కింది. ఆర్డర్లీ కాగితం పెట్టెలో భద్రంగా ఉంది, ఆయనకి ఊరి గ్రంథాలయంలో ఒక పటం దక్కింది. పోరాడిన అయిదు వేల మంది నల్లవాళ్ళలో ఆ మాత్రం దక్కినవాళ్ళు కూడా చాలా కొద్దిమంది. అందుకని పటాన్ని తీసిపారెయ్యను. అది లేకపోతే ఈ వ్యాసమే లేదు. కానీ పటం ఒక్కటే చూసి వచ్చేస్తే, ఊరు ఎంత పెద్ద మనసు చేసుకుందో అన్న తృప్తి మాత్రమే మిగులుతుంది.

6

ఇది రెండు వందల ఏళ్ళ కిందటి ముచ్చట అనుకోకండి. 2023లో బ్రిటన్ రాజు చార్లెస్, కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చిన తొలి తరం పెద్దలు పది మందికి పటాలు గీయించారు. వాళ్ళలో ఒకరు ఆల్‌ఫర్డ్ గార్డ్‌నర్. రెండో ప్రపంచ యుద్ధంలో జమైకా నుంచి వచ్చి బ్రిటిష్ వాయుసేనలో పనిచేశారు. 1948లో 'ఎంపైర్ విండ్‌రష్' ఓడలో మళ్ళీ వచ్చి లీడ్స్‌లో స్థిరపడ్డారు. ఆయన పటం క్లోయీ కాక్స్ గీశారు. 2024లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో చనిపోయారు. బతికుండగా, పేరుతో, రాజసేకరణలోకి ఎక్కిన పటం. హల్‌కి దక్కనిది ఈయనకి దక్కింది.

కానీ ఆ పటాలకి అయిదేళ్ళ ముందు, 2018లో, అదే తరం వాళ్ళని, వాళ్ళ పిల్లల్ని, కాగితాలు లేవన్న పేరుతో ఉద్యోగాల్లోంచి, ఆసుపత్రుల్లోంచి బయటికి నెట్టారనీ, కొందర్ని నిర్బంధించి దేశం నుంచే పంపేశారనీ బయటపడింది. వాళ్ళు ఓడ దిగినప్పటి కార్డుల్ని 2010లో ప్రభుత్వ శాఖే నాశనం చేసింది. కాగితం కాల్చి పటం కట్టారు అనడం కొంచెం కటువుగా ఉండొచ్చు. కార్డులు పోగొట్టిన చేతులు, పటాలు గీయించిన చేతులు ఒకటి కావు కూడా. అయినా రెండూ ఒకే రాజ్యానివి. ఆ పది పటాల ముందు నిలబడేవాళ్ళు ఆ కార్డుల్ని మరిచిపోతే, పటం గౌరవంగా కాకుండా మరుపుగా పనిచేస్తుంది.

7

మన సంగతి.

1818 జనవరి 1న భీమా నది ఒడ్డున కోరేగావ్‌లో పీష్వా సైన్యంతో జరిగిన పోరులో చనిపోయిన సిపాయిల పేర్లు అక్కడి రాతి స్తంభం మీద చెక్కారు. ఆ పేర్లలో చాలావాటికి చివర 'నాక్' అని ఉంటుంది. అవి మహర్ల పేర్లు. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి వెళ్ళారు. ఆ స్తంభాన్ని కట్టింది ఈస్టిండియా కంపెనీ, తన గెలుపు గుర్తుగా. ఆ గుర్తుని మనవాళ్ళు తిప్పి చదివారు. కట్టినవాడి ఉద్దేశం వేరు, చదివినవాళ్ళ అవసరం వేరు. పటాన్ని కూడా ఇలాగే చదవాలన్నది నేను అక్కడే నేర్చుకున్నాను. అయితే ఆ రాతి మీద పేర్లున్నాయి, ముఖాలు లేవు. స్టాక్‌బ్రిడ్జ్‌లో ముఖం ఉంది. ఊరి కథల్లో పేరు సగమే ఉంది.

అవసరం తీరాక అంటు వస్తుందని పైన అన్నాను. 1890ల మొదట్లో బ్రిటిష్ సైన్యం మహర్లని చేర్చుకోవడం మానేసింది. 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం తెచ్చి, తరతరాలుగా పోరాడినవాళ్ళని పోరాడ్డానికి పనికిరారంది. అప్పుడు 1894లో విన్నపం రాసినవారు గోపాల్ బాబా వలంగ్‌కర్. ఆయన కూడా సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ముసలి సిపాయే. ఆయనా కాగితమే పట్టుకున్నారు. సెల్యూట్ కొట్టలేదు, లెక్క అడిగారు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ కూడా సుబేదారు. పటాలం బడి, పటాలం పింఛను మన తొలి తరం చదువులకి ఎంత ఆసరా అయ్యాయో ఆ ఒక్క ఇల్లు చూస్తే తెలుస్తుంది.

మన తెలుగు జిల్లాల నుంచి కూడా మాలలు, మాదిగలు పాత మద్రాసు సైన్యంలో సిపాయిలుగా, పయొనీర్లుగా వెళ్ళారు. వాళ్ళకి తైలవర్ణ చిత్రాలు ఎవరూ గీయలేదు. కానీ డిశ్చార్జి కాగితాలు, పింఛను పుస్తకాలు, పతకాలు ఇంకా ఏ ఇనప్పెట్టెల అడుగునో ఉంటాయి. పరిశోధకులు రికార్డాఫీసులకి వెళ్ళే ముందు పేటల్లోని ఆ పెట్టెలు తెరిపించాలి. పతకం మీద ఏ యుద్ధం పేరుందో, కాగితంలో పేరు పక్కన కులం ఏమని రాశారో, పింఛను ఎప్పటిదాకా వచ్చిందో రాసుకోవాలి. పటం లేనిచోట మనకి దొరికే ముఖం అదే.

మన ఇళ్ళల్లో గోడకెక్కిన మొదటి పటం బాబాసాహెబ్‌ది. సూటు, కళ్ళద్దాలు, చేతిలో పుస్తకం. ఆ పటాన్ని ఏ ప్రభువూ గీయించి ఇవ్వలేదు, మనవాళ్ళు కూలి డబ్బులు పెట్టి కొనుక్కున్నారు. అందులో బట్టలు ఎవరివో అని నవ్వే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. చేతిలో కాగితం పెట్టెలో దాచుకున్నది కాదు, అందరికీ కనబడేలా పట్టుకున్నది. పటం, కాగితం రెండూ ఒక్కచోటికి వచ్చిన బొమ్మ అది.

1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విన్నపం ప్రతులు రెండో మూడో పంపించమని అడిగారు. అడిగింది పటం కాదు, విన్నపం.